సర్ సి.వి. రామన్: కంపన శాస్త్రానికి చేసిన సేవ

సర్ చంద్రశేఖర వెంకట రామన్ పేరు వినగానే విద్యార్థి లోకానికి స్ఫురించేది కాంతి. రామన్ ఫలితం, 1930వ సంవత్సరపు నోబెల్ బహుమానం, ఏటా ఫిబ్రవరి 28న జరుపుకొనే జాతీయ విజ్ఞాన దినోత్సవం, ఇవన్నీ కాంతితో ముడిపడినవే. కాని ఆ మహనీయుడు తన శాస్త్రజీవితపు తొలి సంవత్సరాలలో అధికభాగాన్ని వెచ్చించింది తీగల మీద, తోళ్ళ మీద, ఫిడేలు కమానుల మీద. యంత్రశాస్త్ర విద్యార్థులు నేడు కంపనాల పాఠంలో నేర్చుకొనే పెక్కు విషయాలను ఆయన ఇల్లాళ్ళ వీణలలో, వీధి గాయకుల ఏకతారలలో వెదకి చూచారు. ఈ సంగతి మన వాచకాలలో అరుదుగా కనిపిస్తుంది. తెలుగు బోధించేవారికి సమీకరణాలతో పని లేదు కనుక, వాటి జోలికి పోకుండా ఆ జీవితకథను చెప్పడమే ఈ వ్యాసం పరిమితి.

ముందుగా కంపనమంటే ఏమో రెండు మాటలలో చెప్పుకోవాలి. తిరుమల ఆలయంలో తిరుమామణి మండపాన వ్రేలాడే పెద్ద గంటలను నైవేద్య సమయంలో మ్రోగిస్తారు. గంటను కొట్టి వదలిన తరువాత కూడ అది తన సహజమైన స్వరంలో మ్రోగుతూనే ఉండి, క్రమంగా సన్నగిల్లుతుంది. కొట్టినవాని బలాన్నిబట్టి ధ్వని పెద్దదో చిన్నదో అవుతుంది గాని స్వరం మారదు. ఆ స్వరం గంట బరువు మీద, దాని లోహపు బిగువు మీద ఆధారపడినది. అదే దాని స్వాభావిక పౌనఃపున్యం. ఇక తిరుపతి నుండి కొండ ఎక్కే బస్సును చూడండి. ఇంజను ఒకానొక వేగంలో తిరుగుతున్నప్పుడు మాత్రమే కిటికీ అద్దం దడదడలాడుతుంది. డ్రైవరు గేరు మార్చగానే ఊరుకుంటుంది. అద్దం స్వాభావిక పౌనఃపున్యమూ, ఇంజను కుదుపుల పౌనఃపున్యమూ కలిసిన క్షణంలో పుట్టే ఆ ఉద్రేకమే అనునాదం. వంతెనలను కట్టేవారు, టర్బైన్లను తిప్పేవారు, విమానాలను నిర్మించేవారు అందరూ దీనిని చూచి భయపడతారు. వాద్యాలను చేసేవారు దానినే కోరి తెచ్చుకుంటారు. రామన్ రెండవ త్రోవను పట్టారు.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి వద్ద జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. ఎనిమిదిమంది సంతానంలో ఆయన రెండవవారు. 1892లో తండ్రికి విశాఖపట్టణంలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక పదవి లభించడంతో కుటుంబం తెలుగుదేశానికి వచ్చింది. నాలుగేండ్ల పసితనం నుండి కళాశాల చదువు వరకు రామన్ పెరిగింది విశాఖ సముద్రతీరంలోనే. గణిత, భౌతిక శాస్త్రాలు బోధించే ఆ తండ్రికి ఫిడేలు వాదనంలో మంచి ప్రవేశం ఉండేది. ఒకే ఇంట్లో ఒక గూటిలో భౌతిక శాస్త్ర గ్రంథాలు, మరొక మూల ఫిడేలు! ఆ బాలుడు ఆ రెంటినీ జీవితాంతం విడదీయలేదు.

పదకొండవ ఏట మెట్రిక్యులేషన్ పూర్తయింది. తండ్రి పనిచేసే కళాశాలలోనే ఎఫ్.ఎ. చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో భౌతిక శాస్త్రంలో బంగారు పతకంతో బి.ఎ., 1907లో ఎం.ఎ. ముగించారు. అప్పటికే 1906లో లండన్‌లోని ఒక ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో ఆయన తొలి వ్యాసం అచ్చయింది. ఇంగ్లండు వెళ్ళి పై చదువులు చదవడానికి అన్ని అర్హతలూ ఉన్నవి, ఒక్క దేహదార్ఢ్యం తప్ప. ఆ దేశపు చలికి ఈ బక్కపలుచని యువకుడు తట్టుకోలేడని మద్రాసు ప్రభుత్వ వైద్యుడు తేల్చిచెప్పాడు. ఆనాడు స్వదేశంలో పరిశోధకునికి కొలువు లేదు. ఉన్నదల్లా ఆర్థికశాఖ. పోటీ పరీక్షలో ప్రథములుగా నెగ్గి, పద్దెనిమిదేండ్ల వయస్సులో కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు.

ఆ 1907లోనే వివాహం. వధువు లోకసుందరి వీణ వాయించగలవారు. ఆమె త్యాగరాజ కృతిని వాయిస్తుండగా విని రామన్ ఆమెను వరించారని చెబుతారు. తెలుగు కృతి ఒకటి ఆ పెండ్లిచూపులలో పాలుపంచుకొన్నదనే మాట తెలుగువారికి ముచ్చట గొలిపేదే.

కలకత్తాలో ట్రాములో కచేరికి వెళ్ళివచ్చే త్రోవలో బౌబజారు వీథిలోని ఒక బోర్డు ఆయన కంటబడింది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘం అది. ప్రయోగశాల ఉన్నది, పరికరాలున్నవి, పనిచేసేవారు లేరు. రామన్ ఆ తలుపు తట్టారు. నాటినుండి పదేండ్లపాటు ఆయన దినచర్య ఒక్కటే. తెల్లవారకముందే ప్రయోగశాల, పది గంటలకు కచేరి, సాయంకాలం మళ్ళీ ప్రయోగశాల, రాత్రి పొద్దుపోయిన తరువాత ఇల్లు. మధ్యలో 1909లో రంగూనుకు, 1910లో నాగపురికి బదిలీ చేశారు. అక్కడ ఇంటినే ప్రయోగశాలగా మార్చుకున్నారు. ప్రభుత్వ లెక్కల పుస్తకాలలో ఏ లోటూ రానివ్వలేదు.

అశుతోష్ డే అనే సహాయకుడు మొదటినుండి ఆయనకు తోడు. కళాశాల చదువు చదవని ఆ వంగీయుడు చేతిపనిలో దిట్ట. రామన్ పరిశోధన పత్రాలు కొన్నింటిలో తన పేరుతో పాటు అతని పేరునూ చేర్చి ప్రకటించారు. పట్టాలనుబట్టి మనిషిని తూచే మన విద్యారంగంలో ఈ వివరం చెప్పుకోదగినది.

తొలి రోజుల ప్రయోగాలకు కావలసిన సామగ్రి దారం, తీగ, శ్రుతిదండం. శ్రుతిదండం కొమ్ముకు దారం కట్టి బిగువుగా లాగి ఉంచుతారు. కొమ్ము దారానికి అడ్డంగా ఊగితే దారం కూడ అదే పౌనఃపున్యంతో ఊగుతుంది. అది సులభంగానే బోధపడుతుంది. కాని కొమ్ము దారం పొడవునా ముందుకు వెనుకకు కదిలితే? అప్పుడు దారాన్ని ప్రక్కకు నెట్టే బలమేదీ లేదు. దాని బిగువు మాత్రమే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అయినా దారం ప్రక్కలకు ఊగడం ఆరంభిస్తుంది, అదీ శ్రుతిదండం పౌనఃపున్యంలో సరిగ్గా సగంతో! జర్మనీ దేశపు మెల్డే ఈ వింతను పందొమ్మిదవ శతాబ్దంలోనే చూపాడు. ఉయ్యాల బల్లపై నిలబడి ఊగే పిల్లలకు దీని రహస్యం తెలియకనే తెలుసు. వారిని ఎవరూ తోయరు. ఒక్కొక్క ఊపులో రెండుమార్లు కూర్చుండి లేస్తారు, ఉయ్యాల మిన్నంటుతుంది. రామన్ ఇంకా ముందుకు వెళ్ళారు. సగం మాత్రమే కాదు, ఆ సగానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలతోను దారాన్ని ఎడతెగకుండా ఊగించవచ్చునని ప్రయోగపూర్వకంగా చూపి, ఛాయాచిత్రాలు తీసి, 1912లో సంఘం పక్షాన ఒక గ్రంథంగా వెలువరించారు. బలం ప్రత్యక్షంగా తోయకపోయినా, వస్తువు బిగువులోని మార్పు మాత్రమే దానిని ఊగించగలదన్న ఈ సూత్రం నేడు యంత్రశాస్త్రంలో ఒక ప్రత్యేక అధ్యాయం.

ఆ తరువాతి కృషి ఫిడేలు మీద. రామన్ కంపన పరిశోధనకు ఇదే శిఖరమని నా అభిప్రాయం. వీణ తీగను మీటి వదలిపెడతాము. ఫిడేలు తీగను కమాను ఒకే దిశలో సమవేగంతో లాగుతూ పోతుంది. ఒకే దిశలోని నిలకడైన చలనం నుండి ముందుకు వెనుకకు ఊగే కంపనం ఎట్లా పుట్టింది? గుగ్గిలం రాచిన కమాను వెంట్రుకలకు తీగ అంటుకొని కొంతదూరం వెంట వెళ్తుంది, బిగువు హెచ్చగానే జారి వెనుకకు దూకుతుంది, మరల అంటుకుంటుంది. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన ఘర్షణ, జారుతున్న వస్తువుపై ఉండే ఘర్షణ కంటె ఎక్కువ కావడమే ఇందుకు మూలం. నల్లబల్లపై సుద్దముక్క కీచుమనడం, పాత తలుపు కిర్రుమనడం, బ్రేకు వేసినప్పుడు బండిచక్రం అరవడం, లేతు యంత్రంపై లోహాన్ని చెక్కే ఉలి వణికి పనితనాన్ని చెడగొట్టడం, ఇవన్నీ ఫిడేలు నాదానికి చుట్టాలే. కొన్ని దగ్గరి చుట్టాలు, కొన్ని దూరపువి.

ఫిడేలు తీగ వంగినట్లు కంటికి కనిపించే ఆకారం భ్రమ మాత్రమేననీ, నిజానికి తీగ రెండు సరళరేఖలుగా ఉండి వాటి నడుమనున్న మొన తీగ వెంబడి పరుగిడుతుందనీ జర్మన్ మహాశాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టాడు. అయితే కమాను పెట్టే చోటును, నొక్కుడును మార్చినప్పుడు ఒక మొనకు బదులు రెండు, మూడు, ఇంకా ఎక్కువ మొనలు పుట్టగలవు. వీటన్నింటినీ వర్గీకరించి, తీగ ఏ బిందువులో ఎప్పుడు ఎంత వేగంతో ఉంటుందో రేఖాచిత్రాలతో నిర్ణయించే పద్ధతిని రామన్ నిర్మించారు. 1918లో వెలువడిన ఆ బృహద్గ్రంథం తీగవాద్యాల యాంత్రిక సిద్ధాంతానికి ఇప్పటికీ ఆకరం. గణనయంత్రాలు లేని రోజులలో కాగితంపై గీతలు గీసి సాధించిన ఆ ఫలితాలను తరువాతి తరాలవారు కంప్యూటర్లతో సరిచూచుకున్నారు.

ఫిడేలు కుటుంబపు వాద్యాలలో, ముఖ్యంగా సెల్లో అనే పెద్ద ఫిడేలులో, ఒక దోషం ఉన్నది. ఏదో ఒక స్వరం దగ్గర నాదం నిలకడగా పలకక గుర్రుగుర్రుమని అరుస్తుంది. పాశ్చాత్య వాదకులు దానిని తోడేలు స్వరమంటారు. తీగ పౌనఃపున్యం వాద్యపు పెట్టె స్వాభావిక పౌనఃపున్యంతో కలిసినప్పుడు పెట్టె విపరీతంగా కంపిస్తూ తీగ శక్తిని హరిస్తుంది. అప్పుడు కమాను నొక్కుడు చాలక తీగ పై స్థాయికి జారిపోతుంది. పెట్టె కంపనం తగ్గగానే తీగ మరల తన స్వరానికి వస్తుంది. ఈ దాగుడుమూతలే ఆ గుర్రు. రామన్ 1916లో దీనిని విశదీకరించారు. ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు కంపన వ్యవస్థలు శక్తిని ఇచ్చిపుచ్చుకోవడమనే ఈ విషయాన్నే ఇంజనీర్లు తమకు అనుకూలంగా మలచుకొని, వణికే యంత్రానికి మరొక చిన్న బరువును స్ప్రింగుతో తగిలించి వణుకును దానిలోకి మళ్ళిస్తారు.

మనిషి చేయి ఎప్పుడూ ఒకేరీతిగా కమాను లాగలేదు కదా! అందుచేత రామన్ ఒక యాంత్రిక వాదకుణ్ణి తయారుచేశారు. అందులో కమాను కదలదు, ఫిడేలే బండిపై ముందుకు వెనుకకు సమవేగంతో నడుస్తుంది. నాదం పలకడానికి కనీసం ఎంత నొక్కుడు కావాలో, అది వేగంతోను, కమాను ఉంచిన చోటుతోను, స్వరంతోను ఎట్లా మారుతుందో దానితో కొలిచి 1920లో ప్రకటించారు. పెట్టె అనునాదం చెందే స్వరాల దగ్గర ఎక్కువ నొక్కుడు అవసరమని తేలింది. విద్వాంసుల వేళ్ళకు తెలిసిన రహస్యానికి కొలత దొరికింది.

ఈలోగా జీవితంలో పెద్ద మలుపు వచ్చింది. 1917లో సర్ అశుతోష్ ముఖర్జీ పిలుపు మేరకు రామన్ ప్రభుత్వ కొలువును వదలి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్యులయ్యారు. జీతం బాగా తగ్గింది. ఉన్నత పదవికి చేరగల ఉద్యోగాన్ని విడిచి తీగలు మీటే పనికి పోవడం ఆనాటి బంధువర్గానికి ఎట్లా తోచి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

ఇక మృదంగం. ఒక వలయానికి సమంగా బిగించిన తోలును కొడితే పుట్టే స్వరాలు వరుసగా 1, 1.59, 2.14, 2.30, 2.65 అనే నిష్పత్తిలో ఉంటాయి. ఇవి పూర్ణసంఖ్యలు కావు. అందువల్ల అవి ఒకదానితో ఒకటి పొసగక చప్పుడుగా వినిపిస్తాయే గాని శ్రుతిగా వినిపించవు. తీగకైతే 1, 2, 3, 4 అనే చక్కని వరుస ఉంటుంది. మన మృదంగం, తబలా మాత్రం శ్రుతిలో కలుస్తాయి. ఎందువల్ల? కుడివైపు తోలు నడుమ నల్లగా ఉండే కరణి వల్ల. ఇనుప పాలుగల రాతిపొడిని అన్నపు ముద్దతో నూరి, పొరమీద పొరగా, అంచుకు పలుచగా నడుమ మందంగా పట్టించి ఆరబెడతారు. తన శిష్యుడు శివకాళీ కుమార్‌తో కలిసి రామన్ 1920లో ఈ రహస్యాన్ని ప్రపంచానికి వెల్లడించి, 1934లో బెంగుళూరులో మరింత వివరంగా వ్రాశారు. తోలుపై సన్నని ఇసుక చల్లి కొడితే, కంపించని రేఖల వెంట ఇసుక ప్రోగుపడి తోలు ఏయే విధాలుగా ఊగుతున్నదో కనిపిస్తుంది. కరణి బరువు వల్ల తోలుకు గల మొదటి తొమ్మిది కంపన విధానాలు ఐదు స్వరాలుగా గుంపుకట్టి, 1, 2, 3, 4, 5 అనే వరుసలో చేరుతాయని ఆయన చూపారు. తిరుమల ఆలయంలో నాదస్వరానికి తోడుగా మ్రోగే డోలుకు ఈ కరణి లేదు. దాని గంభీరత వేరు. కచేరీ వేదికపై మృదంగాన్ని తంబురాతో శ్రుతి కలపగలిగినట్లు డోలును కలపలేము.

బరువును సరియైన చోట సరియైన పాలులో చేర్చి ఒక వస్తువు స్వాభావిక పౌనఃపున్యాలను కోరినట్లు మార్చడం నేడు ఇంజనీర్లు ఆరితేరిన విద్య. ఆ విద్యను అజ్ఞాతులైన వాద్య నిర్మాతలు ఎన్నో శతాబ్దాల క్రితం చెవి సాయంతో సాధించారు. రామన్ ఈ ఘనతను ప్రాచీన హిందువుల ధ్వని విజ్ఞానానికి అప్పగించి ఆనందించారు. అది నిజమే గాని, దానిలో పెద్దవాటా తోలును పదును చేసి, కరణి నూరి, వేలితో తట్టి చూచిన చర్మకారులదని నాకు తోస్తుంది. వారి పేర్లు ఏ లక్షణ గ్రంథంలోను లేవు.

1921లో రామన్ తొలిసారి ఐరోపా వెళ్ళారు. లండన్‌లోని సెయింట్ పాల్ దేవాలయపు గోపురంలో గుసగుస గోడ వెంట ప్రాకిపోయే వింతను పరిశీలించారు. తిరుగు ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమ ఆయన మనస్సును దోచింది. ఆ నీలిమ వెంటబడి 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న ఫలితం జగద్విదితం. కాని అదికూడ కంపనాల కథే అని గమనించినవారు తక్కువ. అణువులోని పరమాణువులు స్ప్రింగులతో కలిపిన బరువుల వలె తమతమ స్వాభావిక పౌనఃపున్యాలతో కంపిస్తుంటాయి. కాంతి అణువును తాకి చెదరినప్పుడు ఆ కంపనం మేరకు దాని పౌనఃపున్యం మారుతుంది. ఆ మార్పును కొలిస్తే అణువు పాడే స్వరం తెలుస్తుంది. 1927లో ఒక జర్మన్ భౌతిక శాస్త్ర విజ్ఞాన సర్వస్వానికి వాద్యాలను గురించి సుదీర్ఘ వ్యాసం వ్రాసిన కలమే, మరుసటి ఏడు ఈ అణుస్వరాలను లోకానికి తెలిపింది. చేయి మారలేదు, వాద్యం మాత్రం మారింది.

రామన్ బాల్యం గడిచిన విశాఖకు ఈ విద్య మరలిరావడం ఒక చక్కని సంఘటన. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ మన చిత్తూరు కట్టమంచి వాస్తవ్యులు, కవిత్వతత్త్వ విచారకర్త రామలింగారెడ్డి. 1931లో ఆ స్థానానికి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ బాల్యంలో తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాలలో చదివినవారు, కలకత్తాలో రామన్‌తో కలిసి పనిచేసిన ఆచార్యులు. వారి కాలంలో 1932లో రామన్ శిష్యుడు, కృష్ణాజిల్లా బిడ్డ సూరి భగవంతం వాల్తేరులో భౌతిక శాస్త్ర అధ్యాపకులుగా చేరారు. అణువుల, స్ఫటికాల కంపనాలను వాటి సౌష్ఠవాన్నిబట్టి లెక్కించే గణితాన్ని భగవంతం, వెంకటరాయుడు కలిసి గ్రంథస్థం చేశారు. 1948 నాటి ఆ గ్రంథాన్ని విదేశాలలోను చదివారు.

రామన్ 1933లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. అక్కడి పరిపాలనా కలహాలు ఇక్కడ అప్రస్తుతం. 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని, 1948లో తన పేరిట పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1954లో భారతరత్న లభించింది. ఆయన వార్ధక్యంలోని ఒక వివాదాన్ని దాచడం న్యాయం కాదు. స్ఫటికంలో పరమాణువుల కంపనాలు కొన్ని నిర్ణీత పౌనఃపున్యాలకే పరిమితమని ఆయన వాదించారు. ఒకప్పుడు తానే బెంగుళూరుకు ఆహ్వానించిన మాక్స్ బార్న్ ఆ పౌనఃపున్యాలు ఎడతెగని వరుసగా ఉంటాయన్నాడు. 1940ల నాటి ఈ పోరులో రామన్ పట్టు విడువలేదు. తరువాతి న్యూట్రాన్ ప్రయోగాలు బార్న్ పక్షాన్నే సమర్థించాయి. తీగపై, తోలుపై కంటితో చూచి, చెవితో విని నిర్ణయించిన చోట ఎన్నడూ తడబడని ఆ మేధ, కంటికందని స్ఫటిక గర్భంలో త్రోవ తప్పింది.

1970 అక్టోబరులో ఆయన తన చివరి గాంధీ స్మారకోపన్యాసం చేశారు. విషయం చెవిని గురించినది, చెవిగూబ ధ్వనిని ఎట్లా గ్రహిస్తుందన్నది. నవంబరు 21న బెంగుళూరులో కన్నుమూశారు. తన సంస్థ ఆవరణలోని తోటలోనే, ఆడంబరాలేవీ లేకుండా, ఆయన దేహానికి దహనం జరిగింది.